మెల్లగా మాట్లాడే దొర

పాఠకుల ప్రశ్నలు, జవాబులు
ఈ నెల: రష్యన్ కథకుడు ఇవాన్ తుర్గేనెవ్ (1818–1883)

ప్రశ్న: మేడమ్, మా లెక్చరర్ తుర్గేనెవ్‌ను చదవమన్నారు. రెండు కథలు చదివాను. అడవి, వాన, వేటకుక్క, గుర్రబ్బండి. ఎక్కడా పెద్ద సంఘటన జరగదు. పేర్లు గుర్తుండవు. నూట డెబ్బై ఏళ్ళ కిందటి ఒక దొరబిడ్డ రాసుకున్న ముచ్చట్లు మనకెందుకు?
(డిగ్రీ విద్యార్థి, జనగామ)

జవాబు: తమ్ముడూ, నువ్వు ముందు చదవాల్సిన కథ వేరే ఉంది. 'వేటగాడి కథలు' పుస్తకంలోనే ఉంటుంది. పెనోచ్కిన్ అనే కుర్ర భూస్వామి, అతని ఊరి మీద పెత్తనం చేసే సఫ్రోన్ ఉన్న కథ. 1847లో అచ్చయింది.

పెనోచ్కిన్ చదువుకున్నవాడు. మాటల మధ్య ఫ్రెంచి ముక్కలు కలుపుతాడు. చేతులూ గోళ్ళూ చాలా శుభ్రంగా ఉంచుకుంటాడు. తాను కఠినుడినే గాని న్యాయం తప్పనని, రైతుల మేలు కోసమే శిక్షిస్తానని మనసారా నమ్ముతాడు. కథ చెప్పే వేటగాడు ఒక పొద్దున ఆ ఇంట్లో నాస్తాకు కూర్చుంటాడు. వైన్ వెచ్చబెట్టలేదు. ఎందుకు వెచ్చబెట్టలేదని పెనోచ్కిన్ నౌకరును అడుగుతాడు. నౌకరు మొహం పాలిపోతుంది. నిన్నే అడుగుతున్నా నాయనా అని మళ్ళీ అంటాడు, కళ్ళు తిప్పకుండా, నెమ్మదిగా. నౌకరు చేతిలోని తుడుపుగుడ్డను నలుపుతూ నిలబడిపోతాడు. పెనోచ్కిన్ అతిథి వైపు తిరిగి నవ్వి, క్షమించమని మర్యాదగా మోకాలు తడతాడు. నౌకరును పొమ్మని గంట కొడతాడు. లావుపాటి మనిషి ఒకడు లోపలికొస్తాడు. 'ఫ్యోదర్ సంగతి... చూడు' అని గొంతు తగ్గించి చెప్తాడు. అంతే. లావుపాటి మనిషి చిత్తమని వెళ్ళిపోతాడు. కొరడా కనబడదు, కేక వినబడదు. పెనోచ్కిన్ మళ్ళీ కబుర్లలో పడతాడు.

పెద్ద సంఘటన లేదన్నావు. ఇదే పెద్ద సంఘటన.

మా నాయనమ్మ పుట్టింది మీ జనగామ దిక్కు పల్లెలోనే. గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, వడ్లు దంచే వెట్టి వాళ్ళ ఇంటి వంతు. చిన్నప్పుడు ఆమె పక్కన పడుకొని గడి ముచ్చట్లు అడిగేదాన్ని. ఏ దొర ఎంత కొట్టాడో చెప్తుందని నా ఆశ. ఆమె చెప్పింది ఇంకొకటి. 'ఒర్రే దొరతోని భయం లేదు బిడ్డా, వాడు ఒర్రి ఊకుంటడు. సప్పుడు జెయ్యని దొర పిలిస్తెనే మా గుండెల రాయి పడేది.' ఆ మాట నాకు ఎంఏ చదివే రోజుల్లో పెనోచ్కిన్ కథ చదివినప్పుడు అర్థమైంది. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. తుర్గేనెవ్‌కు తెలంగాణ అన్న పేరే తెలియదు. అయినా ఇద్దరూ చూసింది ఒక్క మనిషినే.

కథ ఇంకా ఉంది, ఆపకు. పెనోచ్కిన్ తన ఊరు చూపించడానికి వేటగాడిని వెంటబెట్టుకుపోతాడు. అక్కడ పెత్తనమంతా సఫ్రోన్‌ది. అంతీప్ అనే ముసలి రైతు, అతని కొడుకు దొర కాళ్ళ మీద పడతారు. ఇద్దరు కొడుకులను పటాలానికి పంపించేశాడు, మూడోవాణ్ణి కూడా గుంజుకుపోతున్నాడు, ఆఖరి ఆవును తోలుకుపోయాడు అని సఫ్రోన్ మీద మొరపెట్టుకుంటారు. అసలు ముడి ఎక్కడుందంటే, అంతీప్ కట్టలేని బాకీని కొన్నేళ్ళ కింద సఫ్రోనే కట్టాడు. అప్పటినుంచీ ముసలాయన అతనికి కట్టుబడి ఉన్నాడు. మన దగ్గర నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చుకున్న గింజలకు తరం తరం భగేలా, అంటే అప్పు కింద చాకిరీ, చేసినవాళ్ళ కథ ఇది. పెనోచ్కిన్ విసుక్కొని లోపలికి పోతాడు. తరువాత ఇంకో ఊరి రైతు వేటగాడితో అంటాడు, ఆ ఊరు పేరుకే పెనోచ్కిన్‌ది, ఏలేది సఫ్రోనేనని. గడి దొర పట్నంలో ఉంటే ఊళ్ళో పెత్తనం ఎవరి చేతిలో ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడుగు. పటేళ్ళ పేర్లూ పట్వారీల పేర్లూ వరసగా చెప్తారు.

ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. రష్యాలో 1861 దాకా దొర కింది రైతు అనేవాడే దొర ఆస్తి. అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, పాతికేళ్ళ సైనిక కొలువుకు పంపవచ్చు. నిజాం రాజ్యంలో వెట్టి కులానికీ ఇంటికీ కట్టిన చాకిరీ. మనుషులను సంతలో అమ్మలేదు. రెండింటినీ ఒకటే అని పరీక్షలో రాస్తే మీ లెక్చరర్ మార్కులు కోస్తారు, కోయాలి కూడా.


ప్రశ్న: మా పాప ఐదో తరగతి. 'ముము' కథ చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 'గెరాసిం కుక్కను తీసుకొని పారిపోవచ్చు కదా, ఎందుకు చంపాడు?' అని అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. అసలు ఇలాంటి కథలు పిల్లలకు ఇవ్వవచ్చా?
(గృహిణి, నర్సంపేట)

జవాబు: ఇవ్వవచ్చమ్మా. రష్యాలో ఐదో తరగతి పిల్లలు తరతరాలుగా ఈ కథ చదువుతున్నారు. మీ పాప అడిగిన ప్రశ్నే అక్కడి పిల్లలూ అడుగుతారు. అది తెలివైన ప్రశ్న, నెమ్మదిగా చెప్పుకుందాం.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో. గెరాసిం పుట్టు మూగ, చెవిటి. ఆజానుబాహుడు, పొలంలో నలుగురి పని ఒక్కడే చేసేవాడు. దొరసాని అతణ్ణి ఊరినుంచి తెప్పించి మాస్కో ఇంట్లో వాకిలి కావలి పెట్టుకుంటుంది. బట్టలు ఉతికే తత్యానా అంటే అతనికి ఇష్టం. దొరసాని ఆమెను ఒక తాగుబోతు చెప్పులు కుట్టేవాడికి కట్టబెడుతుంది. తత్యానా వెళ్ళిపోయిన రోజే గెరాసింకు ఏటి ఒడ్డున కుక్కపిల్ల దొరుకుతుంది. అతని నోట్లోంచి వచ్చే చప్పుడే దాని పేరు, ముము. ఒకరోజు దొరసాని ముద్దు చేయబోతే అది పళ్ళు చూపిస్తుంది. ఆపైన రాత్రి మొరిగి ఆమె నిద్ర చెడగొట్టింది. దాన్ని వదిలించుకోమని హుకుం. నౌకరు ఒకడు సంతలో అమ్మేస్తే తాడు తెంపుకొని తిరిగొస్తుంది. మళ్ళీ మొరుగుతుంది. మళ్ళీ హుకుం. మనుషులు గుంపుగా అతని గది మీదికి వస్తే, ఆ పని నేనే చేస్తానని గెరాసిం సైగ చేస్తాడు. చేస్తానంటే చేసేవాడే అని అందరికీ తెలుసు. పండగ బట్టలు వేసుకొని, కుక్కను ఒక పూటకూళ్ళ అంగడికి తీసుకుపోయి మాంసం వేసిన సూప్ పెట్టిస్తాడు. అది తింటుంటే అతని కంటినుంచి రెండు బొట్లు రాలతాయి. ఒకటి దాని నుదుటి మీద, ఒకటి సూప్‌లో. తర్వాత పడవ, రెండు ఇటుకలు, నది.

పాపకు ఏం చెప్పాలి? నేనైతే ఇలా చెప్తాను. పడవ ఎక్కేదాకా గెరాసిం దొరసాని మాటకు కట్టుబడ్డ మనిషి. పారిపోవచ్చన్న ఆలోచనే అతనికి తట్టలేదు, ఎందుకంటే పుట్టినప్పటినుంచి ఆ ఆలోచన రానివ్వని చోట పెరిగాడు. ఒకరు చంపాల్సిందే అయితే పరాయి చేతులు దాన్ని ముట్టకూడదనుకున్నాడు. ప్రేమించినవాడి చేతుల్లోనే పోవాలనుకున్నాడు. ఆ పని అయ్యాక మాత్రం అతనిలో ఏదో తెగిపోయింది. దొరసాని ఇంటికి వచ్చి మూట కట్టుకొని, ఎవరినీ అడగకుండా, తన ఊరి దారి పట్టాడు. రాత్రీ పగలూ నడిచి ఊరు చేరి, వెంటనే గడ్డి కోతకు కొడవలి అందుకున్నాడు. తత్యానాను తీసుకున్నారు, ముమును తీసుకున్నారు. ఇక అతని దగ్గర తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు, అందుకే భయమూ మిగల్లేదు.

మీ పాప 'మరి ముందే ఎందుకు పోలేదు' అని మళ్ళీ అడుగుతుంది. అడగనివ్వండి. ఆ కోపం సరైన కోపం. అది చల్లారేలా తియ్యటి మాటలు చెప్పకండి.

మీకు మాత్రం ఒక సంగతి చెప్తాను. ఈ కథలో దొరసాని తుర్గేనెవ్ తల్లి, వర్వారా పెత్రోవ్నా. ఆమెకు అయిదు వేలమంది దాకా దాసరైతులు ఉండేవారు. ఆమె ఇంట్లో నిజంగానే అంద్రేయ్ అనే మూగ కావలివాడు ఉండేవాడు, అతనికి నిజంగానే కుక్క ఉండేది, దాన్ని నిజంగానే చంపించారు. అయితే అంద్రేయ్ ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కూడా ఆమె చనిపోయేదాకా నమ్మకంగా కొలువు చేశాడు. కొడుకు చూసింది ఆ అంద్రేయ్‌ను. రాసింది మాత్రం గెరాసింను. రాసినప్పుడు అతను పోలీసు నిర్బంధంలో ఉన్నాడు. 1852లో రచయిత గోగోల్ చనిపోతే నివాళి వ్యాసం రాసినందుకు నెల రోజులు బంధించి, తర్వాత సొంత ఊరు దాటవద్దని పంపేశారు. తల్లి అప్పటికి పోయి ఏడాదిన్నర. ఆమె ఇంట్లో ఎవరూ వేయలేకపోయిన అడుగును, నాలుగు గోడల మధ్య కూర్చొని, ఆ మూగవాడి చేత వేయించాడు. తుర్గేనెవ్ రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు ఆ నడకవే.


ప్రశ్న: అయిదు వేలమంది బానిసల చాకిరీ మీద చదువుకొని, ఆ డబ్బుతోనే జర్మనీ, ఫ్రాన్సులలో బతికినవాడు బానిసత్వానికి వ్యతిరేకం రాయడంలో నిజాయితీ ఎంత? మన దొరల పిల్లల్లోనూ కొందరు ఇట్లాగే కవిత్వాలు రాశారు.
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: సార్, మీ ప్రశ్నలో ఉన్న మంట న్యాయమైనది. చేసినవీ చేయనివీ మీ ముందు పెడతాను.

1850లో తల్లి పోగానే తన వంతుకు వచ్చిన ఇంటి నౌకర్లను విడుదల చేశాడు. ఒప్పుకున్న రైతులను దొర పొలంలో చాకిరీ చేసే పద్ధతినుంచి తప్పించి, ఏడాదికి ఇంత అని డబ్బు కట్టే పద్ధతికి మార్చాడు. 1861లో విముక్తి చట్టం వచ్చాక రైతులు భూమికి కట్టాల్సిన సొమ్ములో అయిదో వంతు వదులుకున్నాడు. అందరినీ, భూమితో సహా, ఒక్కసారే విడిచిపెట్టలేదు. జీవితమంతా ఆ ఎస్టేటు రాబడి మీదే బతికాడు. తల్లి ఇంట్లో కుట్టుపని చేసే స్త్రీకి అతని వల్ల 1842లో ఒక కూతురు పుట్టింది. ఎనిమిదేళ్ళ దాకా ఆ పిల్ల ఆ ఇంట్లోనే దిక్కులేనిదానిలా పెరిగింది. తర్వాత పారిస్‌కు పంపి, గాయని పౌలీన్ వియార్దో ఇంట్లో చదివించాడు. పిల్లను ఆదుకోవడానికి అతనికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఇది నాకు మింగుడుపడని సంగతి, మీ దగ్గర దాచను.

కానీ సార్, కథల నిజాయితీని నేను ఇంకోచోట వెతుకుతాను. రైతును ఎట్లా చూశాడన్నదే నా కొలబద్ద. మన దగ్గర వెట్టి గురించి వచ్చిన కథల్లో చాలావాటిలో వెట్టివాడికి ఒకటే పని, దెబ్బలు తినడం. మనిషికి ఏం ఇష్టమో, దేనికి నవ్వుతాడో తెలియదు. తుర్గేనెవ్ మొట్టమొదటి వేటగాడి కథ 'హోర్, కలీనిచ్' చూడండి. హోర్ లెక్కల మనిషి. అడవి నడుమ తడినేలలో ఇల్లు కట్టుకొని, కొడుకులతో సంపాదించి, దొరకు డబ్బు కట్టి దూరంగా ఉంటాడు. స్వేచ్ఛ కొనుక్కోవచ్చు కదా అంటే మాట దాటేస్తాడు, తన మనసు పరాయివాడికి విప్పడు. కలీనిచ్‌కు ఆస్తి లేదు. తేనెటీగలు అతని మాట వింటాయి, పాటలు పాడతాడు, స్నేహితుడి కోసం అడవి పళ్ళు తెస్తాడు. ఇద్దరూ దాసులే. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరి నకలు కారు. 1847లో రష్యాలో చదువుకున్నవాళ్ళకు ఇది దెబ్బలాగే తగిలింది, ఎందుకంటే ఆస్తి పట్టికలో తలల లెక్కగా ఉన్నవాళ్ళు పక్కింటి మనుషుల్లాగా ఎదురొచ్చారు. 1852లో ఈ కథలు పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని పాస్ చేసిన సెన్సారు అధికారి ఉద్యోగం పోయింది. సర్కారుకు అందులో తిరుగుబాటు మాట ఒక్కటీ దొరకలేదు, అయినా ప్రమాదం అర్థమైంది.


ప్రశ్న: నేను 1978లో విద్యార్థిని. 'గ్రామాలకు తరలండి' అన్న పిలుపుతో ఎండాకాలం సెలవుల్లో పల్లెలు తిరిగినవాళ్ళలో ఒకణ్ణి. 'తండ్రులూ కొడుకులూ' అప్పట్లో చదివి బజారోవ్ అంటే ప్రాణం పెట్టాను. ఈమధ్య మళ్ళీ చదివితే రచయిత అతణ్ణి చిన్నబుచ్చినట్టు అనిపించింది. మీరేమంటారు?
(సింగరేణి రిటైర్డ్ ఉద్యోగి, భూపాలపల్లి)

జవాబు: అన్నా, ఏ పాత నమ్మకాన్నీ ఒప్పుకోని 'నిహిలిస్టు' బజారోవ్ కథానాయకుడైన ఆ నవల 1862లో వచ్చినప్పుడు యువకులు చాలామంది మీలాగే అన్నారు. పెద్దవాళ్ళు అతణ్ణి మరీ ఎత్తాడని తిట్టారు. ఆ ఏడాదే పీటర్స్‌బర్గ్‌లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగితే, ఒక పరిచయస్తుడు తుర్గేనెవ్‌కు ఎదురుపడి 'మీ నిహిలిస్టులు ఏం చేస్తున్నారో చూడండి, ఊరు తగలబెడుతున్నారు' అన్నాడట. రెండు వైపులా దెబ్బలే.

చిన్నబుచ్చాడని మీకు అనిపించిన చోటు నేను ఊహించగలను. బజారోవ్ ఒక రైతుతో మాట్లాడతాడు. మా తాత నాగలి దున్నాడు, రైతుతో మాట్లాడటం నాకు తెలుసు అని గర్వపడే మనిషి. అతను పోగానే ఆ రైతు పక్కవాడితో, ఏదో వాగాడు, దొరబాబు కదా, వానికేం తెలుస్తది అన్నట్టు మాట్లాడతాడు. తన గురించి ఆ రైతులు నవ్వుకుంటారని బజారోవ్‌కు ఊహకైనా రాదు. ఇరవై ఏళ్ళప్పుడు ఈ పేజీ మన కళ్ళముందునుంచి జారిపోతుంది. అరవై ఏళ్ళకు గుచ్చుతుంది. మీరు పల్లెల్లో మాట్లాడి వచ్చాక, ఆ రాత్రి వాళ్ళు మీ గురించి ఏమనుకొని ఉంటారో ఎప్పుడైనా ఆలోచించారా? తప్పుపట్టడానికి అడగడం లేదు, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. రాయండి, అచ్చువేయిస్తాను.

నా అభిప్రాయం, అది చిన్నబుచ్చడం కాదు. బజారోవ్‌ను రచయిత ప్రేమించాడు. టైఫస్‌తో చనిపోయిన మనిషి శవాన్ని కోస్తుంటే వేలు తెగి, గాయం కాల్చడానికి మందు అక్కడి డాక్టరు దగ్గర లేక, బజారోవ్ చనిపోతాడు. వైద్యం తెలిసిన మనిషి గనుక రోజు రోజుకూ తనకేం జరుగుతోందో తనకే తెలుసు. తండ్రి పాత సైనిక వైద్యుడు. కొడుకు చెయ్యి చూసి కూడా జలుబే అని తనకు తాను చెప్పుకుంటాడు. ద్వేషించిన మనిషి చావును ఎవరూ ఇట్లా రాయరు.

మీరు ఇంకొక నవల తప్పక చదవాలి. 'బీడు నేల', 1877లో వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 1874 వేసవిలో, రష్యాలో వేలమంది చదువుకున్న పిల్లలు రైతుల బట్టలు వేసుకొని పల్లెలకు పోయారు. నవలలో నెజ్దానోవ్ అనే కుర్రవాడు బండి మీదనుంచి విప్లవం గురించి అరుస్తాడు. రైతులు అతణ్ణి సారా దుకాణంలోకి లాక్కుపోయి తాగిస్తారు. అలవాటు లేని సారాకు మనిషి కూలబడిపోతాడు. మార్కెలోవ్ అనేవాణ్ణి రైతులే కట్టేసి పోలీసులకు అప్పజెప్తారు. నవలగా ఇది 'తండ్రులూ కొడుకులూ' అంత గట్టిది కాదు. నెజ్దానోవ్ ముందునుంచే డీలాపడ్డ మనిషి, అందుకే అతని ఓటమి మనల్ని అంతగా కదిలించదు. పైగా తుర్గేనెవ్ అప్పటికి చాలాకాలంగా విదేశాల్లో ఉన్నాడు, అది పేజీల్లో తెలుస్తుంది. కానీ పల్లెకు పోయిన పిల్లల మంచితనాన్ని అతను ఎక్కడా శంకించలేదు. నవల వచ్చిన కొద్దివారాలకే మాస్కో ఉద్యమకారులు యాభైమంది మీద విచారణ జరిగింది. బోనులో ఆడపిల్లలను చూసి, పుస్తకంలో ఉద్యమంలోకి దిగిన అమ్మాయి మరియానా కల్పన కాదని లోకానికి తెలిసింది.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. ఇక్కడ పల్లెలు అప్పటికే 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం చేసి ఉన్నాయి. మీరు పోయిన ఊళ్ళలో ముసలివాళ్ళకు దొడ్డి కొమురయ్య పేరు, పాలకుర్తి ఐలమ్మ పేరు మీకన్నా బాగా తెలుసు. నెజ్దానోవ్‌కు ఆ అదృష్టం లేదు.


ప్రశ్న: టాల్‌స్టాయ్, తుర్గేనెవ్ తుపాకులతో కాల్చుకోబోయారట, నిజమా?
(ఇంటర్ విద్యార్థిని, మహబూబాబాద్)

జవాబు: కాల్చుకోలేదు బిడ్డా, అంతదాకా వచ్చి ఆగింది. 1861లో కవి ఫేత్ ఇంట్లో నాస్తా దగ్గర మొదలైంది. తుర్గేనెవ్ తన కూతురు పేదవాళ్ళ చినిగిన బట్టలు తెచ్చుకొని సొంతచేత్తో కుట్టి ఇస్తుందని మెచ్చుకున్నాడు. ముస్తాబైన అమ్మాయి ఒళ్ళో మురికిబట్టలు పెట్టుకొని కుట్టడం నాటకంలా ఉంటుందని టాల్‌స్టాయ్ అన్నాడు. ఆ కూతురు పుట్టుక గురించి పైన కరీంనగర్ సార్‌కు రాశాను, చదివితే ఆ మాట ఎంత లోతుగా తగిలిందో తెలుస్తుంది. ద్వంద్వయుద్ధం కబుర్లు నడిచాయి. తర్వాత పదిహేడేళ్ళు మాటల్లేవు. 1878లో టాల్‌స్టాయే ముందుగా ఉత్తరం రాసి కలుపుకున్నాడు. 1883లో మంచం పట్టిన తుర్గేనెవ్ పెన్సిల్‌తో రాసిన ఉత్తరంలో, కథలు రాయడం మానవద్దని టాల్‌స్టాయ్‌ను బతిమాలాడు.


ప్రశ్న: ఏ వరసలో చదవాలి? రష్యన్ పేర్లతో తల తిరుగుతోంది.
(ప్రైవేటు ఉద్యోగి, హన్మకొండ)

జవాబు: ముందు 'ముము', తర్వాత పెనోచ్కిన్ కథ, తర్వాత 'గాయకులు'. కల్లు మండువ లాంటి చోట ఇద్దరు పాటల పందెం వేసుకునే కథ అది. ఒగ్గుకథ విన్న చెవి ఉన్నవాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ తర్వాత 'తొలిప్రేమ', ఆఖరుకు 'తండ్రులూ కొడుకులూ'. 'బీడు నేల' ఆలస్యమైనా ఫరవాలేదు.

పేర్లకు టెన్షన్ పడకండి. ఒక్కో మనిషికి సొంత పేరు, తండ్రి పేరుతో కట్టిన పేరు, ఇంటిపేరు ఉంటాయి. మర్యాదగా పిలిస్తే మొదటి రెండూ కలిపి పిలుస్తారు, దగ్గరివాళ్ళు ముద్దుపేరు వాడతారు. అందుకే పెనోచ్కినే అర్కాదీ పావ్లిచ్ కూడా. పుస్తకం మొదటి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఎవరు ఎవరో రాసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే విడి చీటీ మీద రాసుకోండి. హన్మకొండలోనే ఉన్నారు కాబట్టి, 1904లో పుట్టిన మన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి ఒకసారి వెళ్ళండి. పాత సోవియట్ అనువాదాలు కావాలని అక్కడ అడిగి చూడండి. పాత పుస్తకాల అంగళ్ళలో కనబడితే బేరమాడకుండా కొనేయండి.

వచ్చే నెల చేహోవ్. డాక్టరు కథలు, రోగి కథలు చదివి ప్రశ్నలు పంపండి.